బోరు నీళ్లతో హాట్ టబ్: క్లోరిన్ కంటే ముందు ఆల్కలినిటీ సంగతి చూడండి

మీ సమస్యను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఇదే ఇబ్బందితో తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. నల్గొండ నుంచి మునుగోడు పోయే దారిలో మీ తోట. అక్కడి ఇంటి వరండా పక్కన 1200 లీటర్ల హాట్ టబ్ పెట్టించి బోరు నీళ్లతో నింపారు. రెండు మూడు రోజులు బాగానే ఉంది, తర్వాత నీళ్లు తెల్లగా మసకబారాయి. బ్లీచింగ్ పౌడర్ వేస్తే తెలుపు ఇంకా పెరిగింది. నీళ్లు పులుపు వైపున్నాయా, క్షారం వైపున్నాయా చెప్పే పీహెచ్ అంకె 8.2 దగ్గర కూర్చుంది. యాసిడ్ పోస్తే కాస్త దిగుతోంది, తెల్లారేసరికి మళ్లీ పాత చోటికే. మూత తీస్తే ఘాటు వాసన. ఆదివారం టబ్‌లో ఆడిన పిల్లలకు మంగళవారానికి ఎర్ర పొక్కులు. టబ్ అమ్మినతను క్లోరిన్ ఇంకా వేయమన్నాడు, పక్క తోటాయన పటిక వేయమన్నాడు. ఏం చేయాలన్నది మీ మొదటి ప్రశ్న. ఫ్లోరైడ్ నీళ్లతో పిల్లలకు ఏమన్నా అవుతుందా, ఖాళీ చేసిన నీళ్లు బత్తాయి చెట్లకు పెట్టొచ్చా అన్నవి మిగతా రెండు.

నేను జడ్చర్ల, షాద్‌నగర్, మహబూబ్‌నగర్ వైపు ఫామ్‌హౌస్‌లలో, రిసార్టుల్లో పూల్‌లు, టబ్‌లు చూసుకుంటాను. ఊరు మారినా, బోరు మారినా ఫిర్యాదు మాత్రం ఇదే. మీ టబ్‌లో క్లోరిన్ తక్కువై ఈ గొడవ రాలేదు. ఆల్కలినిటీ, అంటే క్షారత, ఎక్కువై వచ్చింది. అది దించకుండా ఎంత క్లోరిన్ వేసినా డబ్బు దండగ.

ఆల్కలినిటీ అంటే మన నీళ్లలో ముఖ్యంగా బైకార్బొనేట్. రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు దాన్ని కరిగించుకుని పైకొస్తాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో తరచుగా కనిపించే తీరు ఏంటంటే సోడియం, బైకార్బొనేట్ దండిగా ఉంటాయి, కాల్షియం మాత్రం అనుకున్నంత ఉండదు. అందుకే "మావి ఉప్పు నీళ్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తే కుదరదు. హార్డ్‌నెస్, అంటే ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం లెక్క, వేరు. ఆల్కలినిటీ వేరు. రెండూ విడివిడిగా చూడాలి. వాటర్ ప్లాంటు వాళ్లు చూపించే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు వీటిలో ఏదీ చెప్పదు. నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక అంకె ఇస్తుంది, అంతే. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం ఆల్కలినిటీ లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. హాట్ టబ్‌కు కావలసింది 50 నుంచి 80. తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా టబ్‌కు పనికిరాకపోవచ్చన్నమాట.

పీహెచ్ ఎందుకు ఎగబాకుతుందో మీరే చూడొచ్చు. బోరు మోటారు వేసి బకెట్లోకి నీళ్లు పట్టి వెంటనే పీహెచ్ చూడండి. 7.2, 7.4 అలా వస్తుంది. అదే బకెట్లో చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ పదిహేను నిమిషాలు తిరగ్గొట్టి మళ్లీ చూడండి, 8 దాటుతుంది. మీరేమీ కలపలేదు. భూమి లోపల ఒత్తిడి మీద కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్, గోలీసోడాలో ఉండే గ్యాసే, బయటికి పోయింది. అది పోతే పీహెచ్ పెరుగుతుంది. హాట్ టబ్‌లో జెట్‌లు, బుడగలు, వేడి, మూడూ కలిసి రోజంతా ఈ పనే చేస్తాయి. బైకార్బొనేట్ ఎంత ఎక్కువుంటే పోవడానికి అంత గ్యాసు ఉంటుంది. మీరు కొంచెం యాసిడ్ పోసి పీహెచ్ దించితే, చెరువులోంచి లాక్కొచ్చిన బర్రె మళ్లీ చెరువుకే పోయినట్టు, రాత్రికి రాత్రి 8.2కు పోతుంది. మీ యాసిడ్ పనిచేయలేదనుకోకండి. పోసిన మేరకు ఆల్కలినిటీని తిన్నది. కానీ తినాల్సింది ఇంకా చాలా మిగిలి ఉంది.

ఇప్పుడు క్లోరిన్ సంగతి. నీళ్లలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. క్రిములను చంపేది హైపోక్లోరస్ యాసిడ్. రెండోది హైపోక్లోరైట్, దాని బలం చాలా తక్కువ. పీహెచ్ 7.2 దగ్గర మూడింట రెండొంతులు మొదటి రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర సగం. 8.2కు వచ్చేసరికి ఇంచుమించు ఆరో వంతే. అంటే మీ కిట్‌లో క్లోరిన్ 3 అని చూపించినా అందులో పనిచేసేది అర పీపీఎం (పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము). షాపతను ఇంకా వేయమన్నది ఇందుకే కావచ్చు, కానీ పీహెచ్ దించితే ఉన్న క్లోరినే నాలుగు రెట్లు పనిచేస్తుంది.

తెలుపు ఏంటో తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. ఫిల్టర్ కార్ట్‌రిడ్జ్ బయటికి తీసి, మడతల మధ్య గోటితో గీకండి. తెల్లటి గరుకు పొడి వస్తే దాని మీద నిమ్మకాయ పిండండి. చిన్న బుడగలు లేచాయంటే అది సున్నపు పొర, కాల్షియం కార్బొనేట్. మామూలుగా వేడి చేస్తే ఉప్పో చక్కెరో ఎక్కువ కరుగుతుంది, ఇది మాత్రం నీళ్లు వేడెక్కేకొద్దీ కరగకుండా విడిపోతుంది. ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే గార ఇదే. అందులో మీరు వేసిన బ్లీచింగ్ పౌడర్ సున్నంతో తయారైనదే. దానివల్ల క్లోరిన్‌తో పాటు కాల్షియం కూడా టబ్‌లోకి వెళ్లింది, కరగని మడ్డి దీనికి అదనం. పీహెచ్ 8.2, ఆల్కలినిటీ వందల్లో, నీళ్లు 38 డిగ్రీలు, పైన సున్నం. తెల్లబడక ఏం చేస్తాయి? పంచాయతీ ట్యాంకుకు, బావికి బ్లీచింగ్ పౌడర్ బాగానే ఉంటుంది, టబ్‌కు వద్దు.

ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. నిజానికి చెమట, మూత్రం, నూనెలతో కలిసిపోయి అలసిన క్లోరిన్ వాసన అది. మంచి క్లోరిన్ సరిపడా ఉన్న టబ్‌కు అంత వాసన ఉండదు. పిల్లల పొక్కులు స్విమ్మింగ్ డ్రస్ కింద, తొడల దగ్గర, నడుము చుట్టూ ఎక్కువగా ఉండి ఒకటి రెండు రోజుల తర్వాత తేలితే, వెంట్రుకల కుదుళ్లలో సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరినట్టు. వెచ్చటి నీళ్లు, చాలని క్లోరిన్ దానికి బాగా ఇష్టం. చాలామందికి కొన్ని రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. జ్వరం వచ్చినా, పొక్కులు చీము పట్టినా చర్మం డాక్టరుకు చూపించండి, టబ్ సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి. అప్పటిదాకా ఆ టబ్‌లోకి ఎవరూ దిగొద్దు.

పటిక గురించి ఒక్క మాట. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది, దానికి మన జిల్లా పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అన్నారు. మీ పక్క తోటాయన మనసులో అదే ఉండొచ్చు. కానీ అది డ్రమ్ములో కలిపి, తేరనిచ్చి, పైనున్న తేట నీళ్లు వంపుకునే పని. తిరుగుతున్న టబ్‌లో వేస్తే ఆ ముద్దంతా ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది. వద్దు.

ఇప్పుడున్న నీళ్లను బాగుచేయాలని చూడకండి, పారబోయండి. పారబోసే ముందు పైపుల్లో పట్టిన జిగురు వదలాలి. బాక్టీరియా ఆ జిగురు చాటున దాక్కుంటుంది, కొత్త నీళ్లు పోసిన రోజే మళ్లీ బయటికొస్తుంది. పైపులు కడిగే మందు హాట్ టబ్ సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఫిల్టర్ తీసి పక్కన పెట్టి, మందు పోసి, జెట్‌లన్నీ తెరిచి డబ్బా మీద రాసినంతసేపు తిప్పండి. గోధుమ రంగు నురగ, పొరలు పొరలుగా చెత్త తేలితే అసహ్యించుకోకండి, అది బయటికి రావడమే మనకు కావాలి. కొత్త టబ్ కదా, అప్పుడే ఎక్కడిదంటారేమో. ఫ్యాక్టరీలో నీళ్లు పోసి పరీక్షించి పంపుతారు, లోపల మిగిలిన తడిలోనే మొదలవుతుంది. తర్వాత ఖాళీ చేసి, గోడలు మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకసారి మామూలు నీళ్లతో కడిగేయండి.

ఏ నీళ్లతో నింపాలన్నదే అసలు విషయం, సగం పని ఇక్కడే అయిపోతుంది. ముందు మీ బోరు ఆల్కలినిటీ ఎంతో తెలియాలి. మీరు ఆల్కలినిటీ చూసే స్ట్రిప్ (నీళ్లలో ముంచితే రంగు మారే పట్టీ) ముంచితే చివరి రంగుకు వచ్చిందన్నారు. చాలా స్ట్రిప్‌లకు 240 దగ్గరే రంగులు అయిపోతాయి, ఆ పైన ఎంతున్నా అదే రంగు. మెకానిక్ షాపులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకోండి. ఒక వంతు బోరు నీళ్లు, రెండు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను మూడుతో హెచ్చించండి. హార్డ్‌నెస్‌కు కూడా ఇదే ఉపాయం. ఇంకా కచ్చితంగా కావాలంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల ల్యాబ్‌లో ఇవ్వండి, ఫ్లోరైడ్ కూడా తెలుస్తుంది.

మీ బోరు ఆల్కలినిటీ 400 అనుకుందాం. టబ్ మొత్తం అదే పోస్తే, 60కి దించడానికి 340 తగ్గించాలి. వెయ్యి లీటర్లకు ఆల్కలినిటీ 10 తగ్గాలంటే 30 శాతం పైన బలమున్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 20 మిల్లీలీటర్లు పడుతుంది. మీ 1200 లీటర్లకు 24. ఆ లెక్కన 800 మిల్లీలీటర్ల పైమాటే. చేయొచ్చు, కానీ రెండు మూడు రోజులు యాసిడ్ డబ్బా పట్టుకుని తిరగాలి. దానికి బదులు 400 లీటర్లు బోరు నీళ్లు, 800 లీటర్లు ఊళ్లోని ప్లాంటు ఆర్వో నీళ్లు పోయండి. ఆర్వో నీళ్లలో ఆల్కలినిటీ 20 ఉందనుకున్నా, కలిపితే 150 లోపు వస్తుంది. అక్కడి నుంచి 60కి దించడానికి 216 మిల్లీలీటర్లు చాలు. హార్డ్‌నెస్ కూడా దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. క్యాన్లలో మోయకండి, నలభై క్యాన్లవుతాయి. ప్లాంటాయనతో మాట్లాడి ఆటోలో డ్రమ్ము పెట్టి తెప్పించుకుంటే సులువు.

పూర్తిగా ఆర్వోతోనే నింపుతానంటే నేను వద్దంటాను. కాల్షియం బొత్తిగా లేని నీళ్లలో నురగ ఎక్కువ, పీహెచ్ కూడా నిలకడగా ఉండదు, హీటర్ లోహాన్ని తింటాయి. కాల్షియం హార్డ్‌నెస్ 100 నుంచి 200 మధ్య ఉంటే చాలు. ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే దాని నీళ్లు వాడొచ్చుగానీ, సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం ఇస్తుంది, ఆల్కలినిటీని ముట్టుకోదు. సాఫ్ట్‌నర్ పెట్టించాక కూడా పీహెచ్ ఎందుకు ఎక్కుతోందని నన్ను అడిగేవాళ్లు ఎక్కువే. ఇక మిషన్ భగీరథ నల్లా. కృష్ణా నీళ్లు మన బోర్ల కన్నా టబ్‌కు చాలా మేలు, ఆ మాట నిజం. కానీ పల్లెల్లో ఆ పథకం లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. మీ టబ్ ఒక్కసారి నిండితే నలుగురున్న ఇంటికి మూడు రోజుల వాటా. తాగే నీళ్ల కోసం అన్నేళ్లు ఎదురుచూసిన ప్రాంతం మనది, నేనైతే ఆ నల్లాకు పైపు పెట్టను.

యాసిడ్ పనికి జర ఓపిక కావాలి. బాత్‌రూమ్ కడిగే రంగు యాసిడ్ వద్దు, అందులో సబ్బులు, రంగులు, సెంట్లు కలుపుతారు. పూల్ సామాను అమ్మేచోట గానీ కెమికల్ షాపులో గానీ సాదా హైడ్రోక్లోరిక్ యాసిడ్ అడగండి. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, గాలి వచ్చే వైపు నిలబడండి, పిల్లల్ని ఇంట్లోకి పంపండి. ప్లాస్టిక్ బకెట్లో ముందు నీళ్లు, ఆ నీళ్లలోకి యాసిడ్. యాసిడ్ మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. టబ్ మూత తీసి, పంపు నడుస్తుండగా, బుడగలు ఆపి, 70 మిల్లీలీటర్ల యాసిడ్ కలిపిన బకెట్ నీళ్లు జెట్ ముందు సన్నగా పోయండి. అరగంట తర్వాత పీహెచ్ 7 దగ్గరకు వస్తుంది. అంతకన్నా కిందికి పోనివ్వకండి, హీటరుకు మంచిది కాదు. ఇప్పుడు బుడగలు పూర్తిగా తెరిచి, మూత తీసే ఉంచి, రెండు మూడు గంటలు తిప్పండి. గ్యాసు పోయి పీహెచ్ 7.8 దాకా వస్తుంది. చాలామంది ఇక్కడే కంగారు పడతారు, మళ్లీ ఎక్కిందే అని. ఎక్కాలి. పీహెచ్ ఎక్కినా ఆల్కలినిటీ వెనక్కి రాదు, సుమారు 30 తగ్గిపోయినట్టే. మళ్లీ 70 మిల్లీలీటర్లు, మళ్లీ బుడగలు. ప్రతిసారీ ముందు ఆల్కలినిటీ చూసుకుని పోయండి. మూడోసారికి 60 దరిదాపుల్లో ఉంటారు. ఆ తర్వాత బుడగలు ఎంత తిప్పినా పీహెచ్ 7.6, 7.8 దగ్గర ఆగిపోతుంది, రోజూ యాసిడ్ పోసే బాధ ఉండదు. పొరపాటున ఆల్కలినిటీ 50 కిందికి పోతే వంట సోడా వేయండి, బట్టల సోడా కాదు. వెయ్యి లీటర్లకు 17 గ్రాములు వేస్తే 10 పెరుగుతుంది.

ఇది కుదిరాకే క్లోరిన్. మూతేసి ఉంచే ఇంటి టబ్‌కు నేను చెప్పేది ఇది. మొదటి రోజుల్లో డైక్లోర్ పొడి వాడండి, తర్వాత లిక్విడ్ క్లోరిన్‌కు మారండి. డైక్లోర్‌లో క్లోరిన్‌తో పాటు సయనూరిక్ యాసిడ్ ఉంటుంది. కొంచెం ఉంటే మంచిదే, ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టుకుంటుంది, చర్మం మీద ఘాటు తగ్గిస్తుంది. కానీ డైక్లోర్‌తో క్లోరిన్ 10 పీపీఎం పెరిగినప్పుడల్లా సయనూరిక్ 9 పెరుగుతుంది. క్లోరిన్ ఖర్చవుతుంది, ఇది ఖర్చు కాదు. నెల తిరిగేసరికి వంద దాటి, క్లోరిన్‌ను అసలు పని చేయనివ్వదు. అందుకే 30 దగ్గర ఆపాలి. మీ టబ్‌కు లెక్క కడితే మొత్తం 70 గ్రాముల డైక్లోర్. ఒక చిన్న డబ్బాలో 70 గ్రాములు తూచి పెట్టుకోండి. అది అయిపోయాక మళ్లీ నీళ్లు మార్చేదాకా డైక్లోర్ ముట్టుకోవద్దు. 3 పీపీఎం పెరగాలంటే 1200 లీటర్లకు డైక్లోర్ ఆరున్నర గ్రాములు, 10 శాతం లిక్విడ్ అయితే 36 మిల్లీలీటర్లు. ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా అలసిపోని మంచి క్లోరిన్, ఎప్పుడూ 3కు తగ్గకూడదు, దిగేటప్పుడు 3 నుంచి 5 మధ్య ఉండాలి.

లిక్విడ్ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్, ఎండకు, వేడికి బలం కోల్పోతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల్లో షెడ్డులో పెట్టిన క్యాను డబ్బా మీద రాసిన 10 శాతం ఉండదు. ఐదు లీటర్ల చిన్న క్యాను కొనండి, తయారైన తేదీ చూడండి, నీడలో చల్లగా ఉంచండి. వేసే మోతాదు ఒకటే అయినా కిట్‌లో అంకె రావట్లేదంటే ముందు అనుమానించాల్సింది క్యానునే. లిక్విడ్ వేస్తే పీహెచ్ పెరుగుతుందని కొందరు భయపెడతారు. వేసినప్పుడు కొంచెం పెరుగుతుంది, క్లోరిన్ ఖర్చయ్యేకొద్దీ అంతే తగ్గుతుంది.

పెద్ద పూల్‌లకు వేసే ట్రైక్లోర్ బిళ్లలు టబ్‌లో వద్దు. మెల్లగా కరుగుతాయి, బాగా పులుపు, పంపు ఆగి ఉన్నప్పుడు బిళ్ల తగిలిన చోటల్లా రంగు పోతుంది. ఇంకో మాట, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఇంట్లో బ్లీచింగ్ పౌడర్ మిగిలే ఉంటుంది. దాన్ని డైక్లోర్, ట్రైక్లోర్ డబ్బాల పక్కన పెట్టకండి, ఒకే చెంచా రెండింట్లో ముంచకండి. ఆ రెండూ కొంచెం తడితో కలిస్తే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ఏ క్లోరిన్ అయినా యాసిడ్‌తో కలిస్తే విషవాయువు. యాసిడ్ పోసిన బకెట్‌లో క్లోరిన్ కొలవకండి, ఒకటి వేశాక రెండోదానికి కనీసం అరగంట ఆగండి.

కొలిచే కిట్ విషయంలో పిసినారితనం పనికిరాదు. ఊళ్లో ట్యాంకు నీళ్లు చూసే క్లోరోస్కోప్ ఉంటుంది కదా, చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చేది, అది తాగునీటిలో ఉండే తక్కువ మోతాదుకు సరిపోతుంది. కానీ మంచి క్లోరిన్, అలసిన క్లోరిన్ రెండూ కలిపి చూపిస్తుంది. మీకు డీపీడీ కిట్ కావాలి, గులాబీ రంగు వచ్చేది. దాంట్లోనూ ఒక మోసం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువుంటే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి తెల్లబడిపోతుంది. సున్నా ఉందనుకుని ఇంకా వేస్తారు. అనుమానం వస్తే డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి మళ్లీ చూడండి. టోటల్ క్లోరిన్‌కు (మంచిది, అలసినది రెండూ కలిపి), ఫ్రీ క్లోరిన్‌కు తేడా అర పీపీఎం దాటిందంటే నీళ్లకు షాక్ కావాలి. ఎవరూ లేనప్పుడు ఫ్రీ క్లోరిన్‌ను 10 దాకా ఎక్కించి, మూత తీసి గంటసేపు తిప్పాలి. మీ టబ్‌కు సున్నా నుంచి అయితే 10 శాతం లిక్విడ్ 120 మిల్లీలీటర్లు. మళ్లీ 5కు దిగేదాకా ఎవరూ దిగొద్దు.

రోజూ ఎంత వేయాలని అందరూ అడుగుతారు, కానీ లెక్క రోజులది కాదు, మనుషులది. వేడి నీళ్లలో ఒక మనిషి ఒక గంట కూర్చుంటే మీ టబ్‌లో సుమారు 7 పీపీఎం క్లోరిన్ ఖర్చు. అంటే 10 శాతం లిక్విడ్ 85 మిల్లీలీటర్లు. ఇద్దరు అరగంట కూర్చున్నా అంతే. దసరాకు చుట్టాలొచ్చి ఆరుగురు అరగంట కూర్చుంటే 20 పైన తినేస్తారు, మీరు ఉంచిన 4 మొదటి పది నిమిషాల్లోనే అయిపోతుంది. అలాంటి రోజు విడతలుగా దిగమనండి, మధ్యలో మూత తీసి క్లోరిన్ వేసి, అంకె చూసి తర్వాతివాళ్లను పంపండి. అందరూ అయిపోయాక అదే రాత్రి మళ్లీ వేయాలి, తెల్లారి చూద్దాంలే అంటే తెల్లారేసరికి సున్నా.

ఇది లెక్క ప్రకారం వచ్చిన అంకె. మన ఇళ్లల్లో ఇంకా ఎక్కువ పడుతుంది, కారణం కొబ్బరినూనె. తలకు నూనె పెట్టుకుని నేరుగా దిగుతారు, టబ్ అంచున వేలితో రాస్తే జిడ్డు చేతికి అంటుతుంది. లుంగీతో, నైటీతో దిగేవాళ్లు ఇంకో రకం. నూలు పోగులు ఫిల్టర్‌లో చిక్కుకుంటాయి, గుడ్డలో మిగిలిన డిటర్జెంట్ నురగ లేపుతుంది. ఆ నురగ పోవడానికి ఏదో మందు కొనే ముందు, దిగేవాళ్లను సబ్బుతో స్నానం చేసి, సింథటిక్ బట్టలతో రమ్మనండి. పెద్దవాళ్లకు చెప్పడం మొహమాటమే. వరండాలో గోడకు ఒక షవర్ పెట్టించండి, చెప్పే పని దానంతటదే తగ్గుతుంది.

ఫిల్టర్‌ను వారానికోసారి పైపు నీళ్లతో మడతల మధ్య కడగాలి. మీ కార్ట్‌రిడ్జ్‌కు ఇప్పుడు నూనె, సున్నం రెండూ పట్టి ఉంటాయి. ముందు జిడ్డు వదిలే ద్రావణంలో రాత్రంతా నానబెట్టి కడిగాకే పలచటి యాసిడ్‌లో వేయండి. వరుస మారితే జిడ్డు గట్టిపడి కార్ట్‌రిడ్జ్ పనికిరాకుండా పోతుంది. తగ్గిన నీళ్లకు బదులు ఆర్వో నీళ్లే పోయండి. ఆవిరై పోయేది నీరు మాత్రమే, ఉప్పులన్నీ లోపలే ఉంటాయి, వాటి మీద మళ్లీ బోరు పోస్తే పాత కథే.

నీళ్లు ఎన్నాళ్లకు మార్చాలంటే, లీటర్లను 11తో భాగించి, రోజూ దిగే మనుషుల సంఖ్యతో మళ్లీ భాగించండి. ఇద్దరైతే మీకు 54 రోజులు. సెలవుల్లో జనం ఎక్కువైతే ఇంకా ముందే.

ఫ్లోరైడ్ భయం గురించి. స్నానం వల్ల, టబ్‌లో కూర్చోవడం వల్ల ఫ్లోరోసిస్ రాదు. చర్మం గుండా లోపలికి పోయేది లెక్కలోకి రానంత. తాగే నీళ్లు, వంట నీళ్లే అసలు దారి. తాగునీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిది, 1.5 దాటకూడదు. కాబట్టి చూసుకోవాల్సింది పిల్లలు టబ్ నీళ్లు మింగకుండా. క్లోరిన్ వేసినా, మరిగించినా ఫ్లోరైడ్ పోదు. మీరు రెండు వంతులు ఆర్వో కలుపుతున్నారు కాబట్టి అది ఎలాగూ తగ్గుతుంది. ఐదేళ్ల లోపు పిల్లల్ని మాత్రం వేడి టబ్‌లోకి దించకండి, ఫ్లోరైడ్ వల్ల కాదు, వేడికి వాళ్ల ఒళ్లు తట్టుకోదు. పెద్దవాళ్లకైనా 40 డిగ్రీలు దాటొద్దు, పదిహేను నిమిషాలు చాలు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే. మన ఎండాకాలంలో హీటర్ ఆపేసి 32, 34 దగ్గర వాడుకుంటే కరెంటూ మిగులుతుంది, క్లోరినూ నిలుస్తుంది.

ఇక బత్తాయి చెట్లు. ఇప్పుడు పారబోసే నీళ్లు వాటికి పెట్టకండి. మూత తీసి రెండు మూడు రోజులు ఎండ తగలనిస్తే క్లోరిన్ పోతుంది, డీపీడీలో గులాబీ రంగు రాకపోతే పోయినట్టే. కానీ ఉప్పు పోదు. బోరు సోడియం, వేసిన యాసిడ్, క్లోరిన్ అన్నీ చివరికి ఉప్పుగానే మిగులుతాయి, పైగా ఈసారి పైపులు కడిగే మందు కూడా ఉంది. బత్తాయి, నిమ్మ జాతి ఉప్పుకు తట్టుకోదు, ఆకు అంచులు మాడడం మొదలవుతుంది. ఈ నీళ్లు చెట్లకు, బావికి దూరంగా ఖాళీ జాగాలో ఇంకనివ్వండి. రెండు నెలల తర్వాత తీసే నీళ్లయితే, క్లోరిన్ పోయాక గట్టు మీది కొబ్బరి చెట్లకు పంచి పోయొచ్చు, కొబ్బరి ఉప్పును చాలావరకు ఓర్చుకుంటుంది. అది కూడా ఒకే చెట్టు మొదట్లో 1200 లీటర్లు గుమ్మరించకుండా.

కొత్త నీళ్లు పోశాక ఆల్కలినిటీ, కాల్షియం హార్డ్‌నెస్, పీహెచ్ మూడూ రాసి పంపండి, యాసిడ్ ఎంత పోయాలో మీ అంకెలతో లెక్క కట్టి చెబుతాను.